‘శిస్తు కట్టం’ అన్న మాట ఎక్కడిదాకా పోతుంది?

మొదటివారు: పన్ను మీద మొదలైన తగవు పన్నుతోనే తేలిపోదన్నది నా పక్షం అండి. ఈ రూపాయి ఎందుకు కట్టాలని అడిగినవాడు ఇవాళ కాకపోతే రేపైనా, అడగడానికి మీరెవరని అడిగి తీరతాడు. మొదటి ప్రశ్నకు లెక్కల్లో జవాబు చెప్పవచ్చు. రెండో ప్రశ్నకు రాజ్యమే మారాలి. 1765 సంగతి చూడండి. ఆ మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసల మీద స్టాంపు చట్టం తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో క్లైవు మొగలు పాదుషా షా ఆలం చేత ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నాడు. మన గోదావరి పొలాల శిస్తు మీద ఈస్టిండియా కంపెనీ చెయ్యి పడింది అప్పుడే. తర్వాత బెంగాల్ కరువు వచ్చింది, కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. దాన్ని గట్టెక్కించడానికి 1773లో తేయాకు చట్టం చేశారు. బోస్టన్ రేవులో ఆ డిసెంబరు 16 రాత్రి నీళ్లపాలైన 342 పెట్టెల తేయాకు మన శిస్తు తిన్న కంపెనీదే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ చట్టంతో అమెరికాలో తేయాకు ధర పెరగలేదు, తగ్గింది. పౌనుకు మూడు పెన్నీల పాత సుంకం మాత్రం ఉంచారు. చవగ్గా వస్తున్న సరుకును కూడా జనం వద్దన్నారు. అంతకు ముందు 1766లో స్టాంపు చట్టాన్ని రద్దు చేసిన పార్లమెంటే, ఏ విషయంలోనైనా వలసల మీద చట్టం చేసే హక్కు తనదేనని అదే నెలలో ఇంకో చట్టం రాసుకుంది. పన్ను వదులుకుంది, హక్కు వదల్లేదు. జనం పట్టుకున్నదీ ఆ హక్కునే. పదేళ్లు తిరక్కుండా తుపాకులు పేలాయి, 1776లో స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. తగవు సొమ్ము కోసమే అయితే ఇంత దూరం రాదు.

రెండవవారు: హక్కు గురించి అంత స్థిమితంగా ఆలోచించగలిగినవాడు కడుపు నిండినవాడండి. బోస్టన్ వర్తకులకు ఆ స్థిమితం ఉంది. మన జిల్లాకు రండి. పన్నే విప్లవాన్ని కనేదయితే అది 1830లలోనే ఇక్కడ పుట్టి ఉండాలి. ఆనకట్ట లేని రోజులవి. ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండ. నందన కరువు ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. శిస్తు మాత్రం ఆగలేదు. జమీందారీలు బకాయిలు పడి వేలానికి వచ్చాయి. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలు. 1841 నాటికి అది ఐదు లక్షల అరవై ఒక్క వేలకు దిగింది. అంత అన్యాయం జరిగిన చోట తిరుగుబాటు ఎక్కడుంది? జనం చచ్చిపోయారు, బతికినవాళ్లు ఊరొదిలి పోయారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాలవలు పారాక, మండపేట, రామచంద్రపురం పొలాలు రెండు పంటలు చూశాక, పిల్లలు రాజమండ్రిలో చదువుకున్నాక, అప్పుడు వచ్చింది శిస్తు మీద సభా, తీర్మానమూ. అంటే పన్ను భారం పోరాటానికి కారణం కాదు. మోయగలిగినవాడు బేరమాడడం అది. నలిగిపోయినవాడి గొంతు ఆ సభల్లో వినబడదు. మీరు హక్కు అంటున్నది చాలాసార్లు ఆ బేరానికి తొడిగిన మంచి చొక్కా.

మొదటివారు: ఆకలి తిరుగుబాటు చేయించదన్నది ఒప్పుకుంటాను. 1841 లెక్కకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. కాని పోరాడినవాడికి కాస్త ఉంది కాబట్టి అతనిది బేరమే అనడం తొందరపాటు. పన్ను పోరాటానికి ఇంకే పోరాటానికీ లేని గుణం ఒకటుంది. అది రాజ్యం చేతులను నేరుగా పట్టుకుంటుంది. తెల్లదొరల సర్కారు పల్లెలో ఎవరి రూపంలో ఉండేది? కరణం, మునసబు, వాళ్ల కింద వెట్టి. అంతే. ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎంత శిస్తు, ఎంత నీరుతీరువా, ఏ కిస్తీ బాకీ ఉందో కరణం చిట్టాలో తప్ప ఎక్కడా లేదు. మునసబు అడగకపోతే వసూలు లేదు. 1922 జనవరిలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో జరిగింది ఇదే. కరణాలు, మునసబులు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. తాతల నాటి నుంచి వచ్చే మిరాశీ పోతుందని తెలిసే ఇచ్చారు. తాలూకా నుంచి వచ్చిన అధికారికి ఏ ఇల్లు ఎవరిదో చెప్పేవాడు లేడు. జప్తు చేసిన గొడ్డును వేలం వేస్తే పాడేవాడు లేడు. తిండి పెట్టేవాడు, బండి కట్టేవాడు దొరకలేదు. పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన శాంతిసేన ఊళ్ల కాపలా చూసుకుంది, సైనికులు కవాతు చేస్తున్నా గలాటా జరగకుండా నిలబడింది. పోలీసు చేయవలసిన పని అది. అమెరికాలోనూ ఇంతే. 1765 నవంబరు 1న స్టాంపు చట్టం అమల్లోకి రావలసిన నాటికి ఆ కాగితాలు అమ్మవలసినవాళ్లలో దాదాపు అందరూ ఉద్యోగాలు వదిలేశారు. 1772 నుంచి ఊరూరా ఉత్తరప్రత్యుత్తరాల కమిటీలు లేచాయి. 1774 దాటేసరికి ఏ సరుకు అమ్మాలో, ఎవరిని వెలివేయాలో కమిటీలే చెప్పాయి. కాదన్నవాళ్లు తామే పాలించుకోవడం మొదలుపెట్టిన క్షణాన పన్ను గొడవ విప్లవంలోకి దాటుతుంది. శిస్తు ఎంతన్నది అక్కడ చిన్న విషయమైపోతుంది.

రెండవవారు: పెదనందిపాడు గొప్పతనాన్ని తగ్గించను. కాని అది ఎన్నాళ్లు నిలిచింది? జనవరిలో లేచి ఫిబ్రవరిలో చల్లబడింది. చౌరీచౌరాలో పోలీసు స్టేషను తగలబడడంతో గాంధీ బార్డోలీలో కూర్చుని ఉద్యమం ఆపించారు. గుంటూరు నాయకులూ విరమించారు. రైతులు శిస్తు కట్టేశారు. పాలన చేతిలోకి వచ్చినవాళ్లు ఒక తీర్మానంతో దాన్ని తిరిగి అప్పగిస్తారా? అప్పగించారంటే కారణం ఉంది. పట్టా ఉన్నవాడికి పోగొట్టుకోవడానికి భూమి ఉంది. పశువుల జప్తు దాకా ఓర్చుకుంటాడు. భూమినే వేలం వేస్తామని దండోరా పడితే ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు గుర్తొస్తారు. అందులో తప్పేం లేదు, కాని దాన్ని విప్లవమనలేం. ఇంకో మాట. ఆ చిట్టాలో ఎవరి పేరుంది? పట్టాదారు పేరు. కౌలురైతు శిస్తు కట్టడు, మక్తా కొలుస్తాడు. పాలేరు ఏదీ కట్టడు, ఒళ్లు వంచుతాడు. శిస్తు ఆగితే పట్టాదారు గాదెలో గింజ మిగులుతుంది. పాలేరు జీతంలో గింజ కూడా కదలదు. ఊళ్లో సగంమందికి చెందని పన్ను మీద పోరాడి, ఊరంతా మా వెనక ఉందనడం ఎలా? చీరాల–పేరాల చూడండి. మునిసిపాలిటీ పెట్టి ఏడాదికి నాలుగు వేలున్న పన్నును నలభై వేలకు తీసుకుపోయారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వాకిళ్లు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకున్నారు. నేతపనివాళ్లు, చిన్నకారు జనం పదకొండు నెలలు ఎండా వానా భరించారు. అంత త్యాగం ఇంకెక్కడా చూడం. ఆఖరికి ఏమైంది? దుగ్గిరాలను జైల్లో పెట్టారు, జనం తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉంది.

మొదటివారు: చీరాల ఓడింది, కాదనను. కాని పెదనందిపాడును రైతు ఆపలేదండి, నాయకత్వం ఆపింది. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. 1921 నవంబరులో ఢిల్లీలో కాంగ్రెసు పెట్టిన షరతులేమిటి? ఖద్దరు, అహింస, అంటరానితనం పోవడం. అవి నెరవేరిన చోటనే శిస్తు నిరాకరణ చేపట్టాలన్నారు. మీరు పాలేరు మాట ఎత్తారే, ఆ షరతులు రాసినవాళ్లకూ అదే బెంగ ఉంది. చిట్టాలో పేరున్నవాడు పేరులేనివాడిని పక్కన కూర్చోబెట్టుకోకుండా రాజ్యంతో తలపడితే ఓడతాడని వాళ్లకు తెలుసు. షరతు నెరవేరలేదనండి, ఒప్పుకుంటాను. అసలు ప్రశ్న పుట్టలేదనకండి. ఇక 1922తో కథ అయిపోలేదు. 1927లో కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్మెంటు వచ్చింది. డెల్టా రైత్వారీ పొలాలకు నూటికి పద్దెనిమిదీ ముప్పావు పెంపు, అంటే రూపాయికి మూడణాలు. మండపేటలో వంద రూపాయలు కట్టే రైతు ఇక నూట పద్దెనిమిది రూపాయల పన్నెండణాలు కట్టాలి. అది ఏ శాసనం? శాసనం కాదు, ఒక జీవో. మద్రాసులో శాసనసభ ఉంది, మంత్రులున్నారు. శిస్తు చెల్లించడమే ఓటు హక్కుకు ఒక అర్హత. అయినా భూమిశిస్తు శాఖ మంత్రుల చేతికి రాదు, గవర్నరు కౌన్సిలు దగ్గరే ఉంటుంది. శిస్తు కట్టి ఓటు తెచ్చుకున్నవాడికి ఆ ఓటుతో శిస్తును తాకే వీల్లేదు. బోస్టన్ వాదం మన కాలవగట్టుకు వచ్చింది ఇక్కడే. దండు నారాయణరాజు, ఎన్.జి. రంగా వంటివారు ఊరూరా తిరిగి చెప్పింది పెంపు ఎక్కువైందనే కాదు, అడగకుండా ఎలా పెంచారని. తర్వాత ఆర్థికమాంద్యం వచ్చి ధాన్యం ధర కూలిపోయేసరికి ఆ మాట ప్రతి గడపకూ అర్థమైంది. ఆ తిరుగుడులో ఊళ్లలో లేచిన రైతుసంఘాల్లోంచే జమీందారీ రైతుల ఉద్యమం వచ్చింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం దాకా అది నడిచింది. ఇంత దూరం నడిచినదాన్ని బేరమంటారా?

రెండవవారు: రూపాయికి మూడణాల లెక్క మీరు చెప్పినంత స్పష్టంగా ఎవరూ చెప్పరు. కాని అందులోనే నా వాదమూ ఉంది. ఆ ఉద్యమం అడిగిందేమిటి? పెంపు ఆపండి, విచారణ సంఘం వేయండి, ధరలు పడిపోయాయి కాబట్టి రాయితీ ఇవ్వండి. 1928లో గుజరాతు బార్డోలీలోనూ ఇంతే. ఇరవై రెండు శాతం పెంపు విచారణ తర్వాత ఆరు శాతానికి దిగింది. గొప్ప గెలుపే. కాని గెలుపుకు కొలత శాతాల్లో ఉన్నప్పుడు, శాతం దిగ్గానే పోరాటం ముగుస్తుంది. ఇప్పుడు మండపేట నుంచి ఉత్తరంగా ఒక పూట ప్రయాణం చేయండి. రంప కొండలు వస్తాయి. అక్కడ 1879లో జరిగింది చూడండి. మన్యంలో వేసవి నెలల్లో జీలుగు కల్లు, తాటికల్లు తాగుడు సరుకు కాదు. గింజలు అయిపోయిన రోజుల్లో అదే తిండి. ఆ చెట్టు తాత నాటిది, గీసుకునేది ఇంటివాడు. సర్కారు కొత్త ఆబ్కారీ నిబంధన తెచ్చి, ఇంటి వాడకానికైనా సరే పన్ను లేకుండా గీయకూడదంది. వసూలును మైదానం కాంట్రాక్టర్లకు పాడుకోనిచ్చింది. వాళ్లు వసూలు చేసేది చిగురుపన్ను. దాని మీద రంప మన్సబుదారు తన వంతుగా అందులో సగమో, ఇంకా ఎక్కువో మొదలుపన్ను అని గుంజాడు. కట్టలేనివాడి గొడ్డూ గోదా కోర్టు డిక్రీతో పోయేవి. ఆ కోర్టు భాష అతనికి రాదు. పోలీసు లంచం వేరే. మార్చిలో జనం లేచారు. విన్నపం లేదు, తీర్మానం లేదు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివాళ్ల వెనక ముఠాలకు ముఠాలే, అంటే కొండ ఊళ్ల గుంపులకు గుంపులే కదిలాయి. రేకపల్లిలో పోడు మీద పన్ను పెంచి, కొంత అడవిని పోడుకు మూసేసినందుకు అక్కడివాళ్లూ కలిశారు. గొలుగొండ కొండలకూ పాకింది. ఆరు రెజిమెంట్ల మద్రాసు పదాతిదళం, గుర్రపుదళం, హైదరాబాదు కంటింజెంటు వస్తే గాని అణచలేకపోయారు. పట్టా లేనివాడు లేస్తే అలా ఉంటుంది. పోగొట్టుకోవడానికి భూమి కాగితం లేదు కాబట్టి వెనక్కు తిరగడానికి కారణం కూడా లేదు.

మొదటివారు: చివరకు ఏమైందో కూడా చెప్పాలి కదండీ. మన్సబుదారును తొలగించారు. ముఠాదార్లతో సర్కారు నేరుగా ఒప్పందాలు రాసుకుంది. సొంత వాడకానికి కల్లు గీసుకోవడం మీద పన్ను ఎత్తేశారు. తిరుగుబాటు చల్లారింది. అంటే మీ మన్యం కూడా రాయితీ దగ్గరే ఆగింది. మైదానం కాగితంతో అడిగి తెచ్చుకున్నదాన్ని మన్యం ప్రాణాలతో తెచ్చుకుంది, అంతే తేడా. పైగా మూడేళ్లకే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడును, కట్టెను, మేతను అన్నిటినీ అడవి గార్డు చేతిలో పెట్టింది. అప్పుడు ఎదురు నిలవడానికి 1879 ఏం మిగిల్చింది? ఒక సంఘం లేదు, ఒక పంచాయతీ లేదు, ముఠాకూ ముఠాకూ మధ్య రాకపోకలు నడిపే మనిషి లేడు. నాయకులను కాల్చేశారు, మిగిలినవాళ్లు కొండల్లోకి వెళ్లిపోయారు. కోపం ఎంత నిజమైనదైనా, దానికి నిలిచే ఏర్పాటు లేకపోతే ఒక వేసవిలో లేచి ఇంకో వేసవికి ఆగుతుంది. మైదానంలో ఓడిన ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలింది. చీరాల తర్వాత పెదనందిపాడు, దాని తర్వాత రీసెటిల్మెంటు సభలు, వాటి తర్వాత రైతుసంఘం. విప్లవానికి ధైర్యం ఎంత కావాలో, ఓటమి తర్వాత కూడా బతికుండే ఏర్పాటు అంత కావాలి.

రెండవవారు: 1879 గురించి మీరన్నది నిజం. ఆ తిరుగుబాటు ఏర్పాటు లేకనే చెదిరిపోయింది, దాని మీద వాదించను. కాని మన్యానికి ఆ పాఠం అర్థం కాలేదనుకోకండి. అల్లూరి సీతారామరాజు 1922కు ముందు చేసిందేమిటి? ఊళ్లలో పంచాయతీలు పెట్టించాడు, తగవులు కోర్టుకు పోకుండా చూశాడు, ఖద్దరు కట్టించాడు, కల్లు మాన్పించాడు. 1879లో కల్లు మీద పన్ను వద్దని తిరగబడిన కొండలే, 1922 నాటికి ఆ కల్లునే వదిలి సర్కారు ఆబ్కారీ రాబడిని కాదన్నాయి. మీరు చెప్పే సొంత పాలన అది కాదా? అక్కడి పన్ను రూపాయల్లో మాత్రమే లేదు. నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ కూడా పన్నే, ఒంటితో కట్టించుకున్న పన్ను. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు పట్టుకున్నారు. సెప్టెంబరులో దామనపల్లి ఘాటీలో స్కాటు కవర్డు, హైటరు అనే దొరలు చనిపోయారు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు వచ్చారు. 1924 మే 7 దాకా, దాదాపు రెండేళ్లు, పోరు నడిచింది. రాజు ఏ శాతం తగ్గించమనలేదు, తెల్లవాళ్లు పోవాలన్నాడు. ఇక తేదీలు పక్కపక్కన పెట్టండి. ఫిబ్రవరిలో మైదానం ఆగింది. అదే ఫిబ్రవరి ఆఖరి వారంలో పల్నాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టనని పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. పుల్లరి అంటే పట్టాపొలం మీద శిస్తు కాదు, అడవిలో పశువు మేసే గడ్డి మీద సుంకం. ఆగస్టులో మన్యం లేచింది. కాంగ్రెసు నాయకత్వం ఆ దారి మాది కాదంది. మైదానం నుంచి అభిమానించినవాళ్లు ఉన్నారు, కాని శిస్తు కట్టనన్న ఊళ్లు, పుల్లరి కట్టనన్న ఊళ్లు, పోడు వదలనన్న ఊళ్లు ఒక్క పూట కూడా ఒక్కటి కాలేదు.

మొదటివారు: ఈ మాట నన్ను ఆపుతుంది. హింస మీద నాకున్న అభ్యంతరం నాకుంది, దాన్ని వదలను. చౌరీచౌరా తర్వాత ఆగడానికి నైతికమైన కారణం ఉంది. కాని ఆగడం వేరు, పక్కవాడి బాధను మన లెక్కలో చేర్చకపోవడం వేరు. ఆ రెండోది జరిగింది. అయితే నాయకత్వం దాన్నుంచి ఏమీ నేర్చుకోలేదంటే ఒప్పుకోను. 1930లో ఉప్పును ఎందుకు ఎంచుకున్నారు? శిస్తుకు పట్టా కావాలి, ఉప్పుకు అక్కర్లేదు. పాలేరు కొంటాడు, కౌలురైతు కొంటాడు, కొండ మనిషీ కొంటాడు. ప్రతి నోటి మీదా పడే పన్ను అదొక్కటే. చొల్లంగి దగ్గర ఉప్పు తీసినప్పుడు, బులుసు సాంబమూర్తి వెంట జనం నడిచినప్పుడు, సీతానగరం ఆశ్రమం నుంచి దళాలు బయలుదేరినప్పుడు, నీకు పట్టా ఉందా అని ఎవరూ అడగలేదు. ఆడవాళ్లు గడప దాటారు. తలకు పడే సొమ్ము అణాల్లో ఉండే పన్ను అది. అంత చిన్న పన్ను మీద అంత పెద్ద కదలిక వచ్చిందంటే, తగవు సొమ్ముది కాదన్న నా మొదటి మాట నిలిచినట్టే. దాంతోపాటు, చిట్టాలో పేరు లేనివాడు కలిస్తేనే బలమన్న మీ మాటా నిలిచింది.

రెండవవారు: మీ పక్షాన ఉన్న అన్ని సాక్ష్యాల్లోకీ ఉప్పు బలమైనది, ఒప్పుకున్నాను. కాని 1931 మార్చిలో గాంధీ–ఇర్విన్ ఒడంబడిక ఏమిచ్చింది? సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లు సొంత వాడకానికి ఉప్పు తీసుకోవచ్చు. ఉప్పు చట్టం మాత్రం ఉంటుంది. 1880 నాటికి మన్యానికి ఇచ్చిందీ ఇదే కదా, సొంత వాడకానికి కల్లు గీసుకోవచ్చు, ఆబ్కారీ మాత్రం ఉంటుంది. యాభై ఏళ్ల ఎడంలో సర్కారు ఒకే పని రెండుసార్లు చేసింది. పన్ను వేసే హక్కును చెక్కు చెదరనివ్వకుండా, కోపం వచ్చిన చోట కాస్త సడలించింది. బ్రిటిష్ పార్లమెంటు 1766లో అమెరికాకు చేసిందీ అదేనని మీరే చెప్పారు. అక్కడ ఆ సడలింపు పారలేదు, ఇక్కడ పారింది. ఎందుకని? అక్కడ వర్తకుడూ చిన్నరైతూ ఒకే కమిటీలో కూర్చున్నారు. అయితే అక్కడా ఇరవై ఐదు లక్షల జనంలో ఐదు లక్షల మంది బానిసలు ఆ స్వేచ్ఛకు బయటే మిగిలిపోయారు. తెలుగునాట అందరూ కలిసి లేచిన చోటు చూడాలంటే 1946 తెలంగాణకు పోవాలి. లెవీ ధాన్యం, వెట్టిచాకిరీ, విసునూరు దేశ్‌ముఖు జులుం. రైతు, కూలి, చాకలి, గొల్ల ఒకే సంఘంలో చేరారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయాక ఊరి సంఘమే ఊరి రాజ్యమైంది. సుమారు మూడు వేల గ్రామాల్లో భూమి పంచారు, తగవులు తీర్చారు. మీరు చెప్పిన సొంత పాలన, నేను చెప్పిన చిట్టాలో లేనివాడు, రెండూ ఒకచోట చేరితే అది అక్కడిదాకా పోయింది. 1951లో ఆ పోరాటాన్నీ విరమించారు, అది వేరే చర్చ.

మొదటివారు: అయితే మనిద్దరి మధ్య దూరం కొంత తగ్గింది. కాదనడం పాలించుకోవడంగా మారాలని నేను, అందులో అందరూ ఉండాలని మీరు. కాని చివరకు చేతికి వచ్చినదాన్ని తక్కువ చేయవద్దని నా మనవి. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 265వ అధికరణం ఉంది. చట్టం లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు. ఒక్క వాక్యమే. 1927లో జీవోతో రూపాయికి మూడణాలు పెంచినప్పుడు డెల్టా రైతు అడిగినదానికి జవాబు ఆ వాక్యం. ఓటున్నవాడు ఎన్నుకున్న సభ ఒప్పుకోకుండా రూపాయి అడగడానికి వీల్లేదు. కలెక్టరు, తహసీల్దారు, జమాబందీ అలాగే మిగిలాయి, కరణం మునసబులు కూడా 1984 దాకా ఉన్నారు. యంత్రం పాతదే అయినా, దాన్ని తిప్పే హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం తేలిపోయింది. స్టాంపు చట్టం నుంచి స్వాతంత్ర్య ప్రకటన దాకా అమెరికాకు పదకొండేళ్లు పడితే, ఫర్మానా నుంచి మనకు నూట ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. ఆలస్యమైంది గాని, శిస్తు కట్టం అన్న మాట అక్కడిదాకా పోయింది.

రెండవవారు: 265వ అధికరణానికి నేనూ చేతులెత్తి నమస్కరిస్తాను. దాని వెనక పెదనందిపాడు కరణాల రాజీనామాలు ఉన్నాయి, రామనగరం పాకలు ఉన్నాయి. కాని అదే లెక్కలో ఇంకో వరుస కూడా రాయండి. అదే రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది, కాగితం మీద మన్యం గెలిచింది. అడవి మాత్రం 1882 నాటి ఆలోచనతోనే నడిచింది. తాతలనాటి పోడు సాగును హక్కుగా గుర్తించమని 1879లో రేకపల్లి అడిగింది, 1922లో రాజు వెంట నడిచిన ముఠాలు అడిగాయి. కొండవాడు సర్కారుకు పన్ను కట్టాడు, చాకిరీ చేశాడు, ప్రాణమిచ్చాడు, పట్టా మాత్రం పొందలేదు. అందుకే పన్ను పోరాటాల చరిత్ర చెప్పే మాస్టార్లకు, రాసేవాళ్లకు ఒక్కటే విన్నపం. పెదనందిపాడును ఒక పాఠంగా, రంపను ఇంకో పాఠంగా విడదీయకండి. శిస్తు, పుల్లరి, చిగురుపన్ను ఒకే పుటలో పెట్టి, ఎవరి మాట ఎప్పుడు చట్టానికెక్కిందో పిల్లలకు పక్కపక్కనే చూపించండి. పట్టాదారు అడిగింది 1950లో రాజ్యాంగానికెక్కింది. పోడు రైతు అడిగింది చట్టానికెక్కడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా పట్టింది.